ఆరున్నొక్క వారాలు

ఆరో బిందె నీళ్లు కప్పు మీద పరిచిన గోనెపట్టాల మీద పోసి, ఖాళీ బిందెను తాడుతో కిందికి వదిలాడు పోలయ్య.

"ఆరు," అన్నాడు.

కింద కొండబాబు బిందె నింపి తాడు కదిపాడు. పోలయ్య పైకి లాక్కుని, గోనెలు ఒక్క చోట కూడా పొడిగా మిగలకుండా మెల్లిగా తిప్పుతూ పోశాడు.

"ఆరున్నొకటి."

"ఏడు అన్న మాట చచ్చినా అనవు కదా బాబాయ్," అన్నాడు కొండబాబు.

పోలయ్య ఎనిమిదో బిందె కోసం తాడు వదిలాడు.

లెక్క మొదలుపెట్టేటప్పుడు అతను ఒకటి అనడు, లాభం అంటాడు. ధాన్యం కొలిచేవాళ్లంతా అలాగే అంటారు కాబట్టి దాన్నెవరూ పట్టించుకోరు. ఏడు దగ్గరే నవ్వుతారు. కట్టడం మీద నిలబడి ఆ మాట అంటే ఆ గోడల మధ్య ఏడుపు వినాల్సి వస్తుందని అతని మేనమామ చెప్పాడు. అప్పుడు పోలయ్యకి పదకొండేళ్లు. ఇప్పుడు అరవై రెండు. ఇంతకాలంలో ఆ సంగతి తను నమ్మాడో లేదో అతనికే తెలీదు. నోరు తిరగదు, అంతే.

మార్చి నెల. ఎండ చురుక్కుమనాల్సిన రోజులు. కానీ రెండు రోజులుగా మబ్బు పట్టి ఉంది. గోదావరి పాయ మీది నుంచి వచ్చే గాలి చెమ్మగా ఉంది. అది పోలయ్యకి నచ్చలేదు.

అతను కప్పు నడినెత్తిన కూర్చుని ఒక గోనెపట్టా పక్కకి తీశాడు. సన్నటి మనిషి. కుడి భుజం ఎడమదానికన్నా నాలుగు వేళ్లు కిందికి దిగి ఉంటుంది. సున్నంలో నాని నాని వేలికొనలు తెల్లగా పాలిపోయాయి. గోళ్లు సగానికి అరిగిపోయాయి. తాపీ తిరగేసి పిడితో ఇటుకల్ని ఒక్కొక్కటే కొట్టి విన్నాడు. గోడ దగ్గరి వరుసలు ఖంగుమన్నాయి. నడిమి వరుసలు అనలేదు. ఇటుకల మధ్య సున్నాన్ని గోటితో కాస్త గీకి, నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఏమంటంది?" అని కింద నుంచి అడిగాడు కొండబాబు.

"ఇంకా కరుస్తోంది."

ఆ తర్వాత దగ్గు వచ్చింది. వంగిపోయి, రెండు చేతులతో కప్పును పట్టుకుని, చాలాసేపు దగ్గాడు. కింద కొండబాబు తాడు పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

"పిన్ని చెప్తానే ఉంది, అమలాపురం ఆస్పత్రికి ఎల్లమని."

"ఎల్తాను. ఇదయ్యాక."

ఇది అంటే ఈ గది. పి.గన్నవరం అవతల పాయ దాటితే వచ్చే లంకలో, బడి ఆవరణలో, పదహారు అడుగుల వెడల్పున, ఇరవై నాలుగు అడుగుల పొడవున కట్టిన ఒకే ఒక్క గది. సిమెంటు లేదు. ఇనుము లేదు. ఇటుకా, గుల్ల సున్నమూ, కరక్కాయా బెల్లమూ ఊరబెట్టిన నీళ్లూ. పైన తిరగేసిన పడవలాంటి కమాను కప్పు. ఆ కప్పు ఇంకా తన కాళ్ల మీద తను నిలబడలేదు. దాని కింద తాటిపలకలూ, వాటి కింద మూడు వరుసల సర్వీ కర్రల బాదులూ మోస్తున్నాయి. ఆ బాదులు తీసేశాక కప్పు నిలబడితే లంకల్లో ఇంకా పన్నెండు బడి గదులు ఇలాగే కడతారు. కుంగితే పన్నెండూ స్లాబులే. అప్పుడు పోలయ్య మళ్లీ కాంక్రీటు తట్ట ఎత్తుకోవాలి.

తట్ట అతనికి కొత్త కాదు. ఇరవై రెండేళ్లు మోశాడు. ఆ భుజం అలా దిగింది అందుకే.

మేనమామ దగ్గర అతను పదమూడేళ్లు సున్నం పని నేర్చుకున్నాడు. ఏటి గుల్ల కాల్చడం, గానుగలో తొక్కించడం, మగ్గబెట్టడం, అన్నీ అయ్యాకే తాపీ చేతికిచ్చాడు మేనమామ. కమాను వంపు కోసం బావి గొలుసు తెచ్చి గోడకి రెండు మేకుల మధ్య వేలాడదీసేవాడు. గొలుసు ఎలా వేలాడితే అలా బొగ్గుతో గీత గీసి, ఆ గీతను తలకిందులు చేసి కప్పు కట్టేవారు. ఇరవై నాలుగేళ్లకి పోలయ్య మేనమామతో కలిసి కొత్తపేట పక్కన ఒక రైతు ఇంటి పెరట్లో ధాన్యం కొట్టు అలా కట్టాడు. అదే చివరిది. సిమెంటు వచ్చింది. మేనమామ పోయాడు. సున్నం మేస్త్రీ అన్న మాట వింటే జనం వెల్ల వేసేవాడనుకోవడం మొదలుపెట్టారు. పోలయ్య కొన్నాళ్లు నిజంగానే వెల్ల వేశాడు. తర్వాత స్లాబు రోజుల్లో కూలీల వరుసలో నిలబడ్డాడు. తన కళ్ల ముందు పుట్టినవాళ్లు మేస్త్రీలై "ఏయ్, తట్ట కదలాలి" అంటే కదిలాడు. ఒక్కసారి కూడా, నేనూ మేస్త్రీనే అని చెప్పలేదు. చెప్పి ఏం చేస్తాడు?

తొంభై ఆరు తుపానులో ఆ ధాన్యం కొట్టు నిలబడింది. చుట్టుపక్కల పెంకులు లేచిపోయిన ఇళ్లవాళ్లు నలభై మంది అందులో దూరారు. తుపాను తర్వాత కట్టిన స్లాబు గదులకి ఏడెనిమిదేళ్లకే ఉప్పుగాలి తగిలి లోపలి చువ్వలు తుప్పుపట్టి, పెచ్చులూడి పిల్లల మీద పడుతున్నాయి. ఆ కొట్టుకి మాత్రం పగులు లేదు.

ఆ కొట్టును టేపుతో కొలిచి, కెమెరాతో ఫొటోలు తీసి, దీన్ని కట్టింది ఎవరని ఊరూరా అడిగింది ఒకమ్మాయి. పేరు హేమ. అమలాపురంలో మేష్టారు సాలమోను గారి కూతురు. మద్రాసులో ఇళ్ల నమూనాలు గీసే చదువు చదివి, ఒక సంస్థ తరఫున బడి గదుల పని మీద వచ్చింది. అడుగుతూ అడుగుతూ చివరికి ఒక స్లాబు పని దగ్గర కాంక్రీటు మోస్తున్న పోలయ్య ముందు నిలబడి, "పోలయ్య మేస్త్రీగారంటే మీరేనాండీ?" అంది. పోలయ్య వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

తర్వాత ఆమె తన మడత కంప్యూటర్ తెరిచి అందులో ఒక వంపు గీసి చూపించింది. అది గొలుసు వంపే. తలకిందులు చేసింది. అది ధాన్యం కొట్టు కప్పే. పోలయ్య ఆ తెర వంక చాలాసేపు చూసి, "మా మావని చూశారాండీ తమరు?" అని అడిగాడు.

ఆరు నెలలుగా అతను చెప్పిందల్లా ఆమె కంప్యూటర్లోకి ఎక్కుతోంది. ఎన్ని పాళ్ల సున్నం, ఎన్ని రోజుల మగ్గు, ఎన్ని వరుసలకి ఒకసారి ఆగాలి. చదువురాని పోలయ్యకి ఆ తెర మీద అక్షరాలు తెలియవు. కానీ తన నోటి మాటలు అందులో వరుసగా కూర్చున్నాయని తెలుసు. ఇంట్లో భార్య సత్యవతితో ఒకసారి అన్నాడు కూడా. "మనకి పిల్లల్లేరని మా మావ బాధపడేవోడు, పని ఎవరికిస్తావురా అని. ఇదిగో, మిషనుకిచ్చేను."

తొమ్మిదింటికి హేమ మోపెడ్ మీద వచ్చింది. వెనక సీటుకి తాళ్లతో కట్టిన మూడు కాళ్ల కొలత మిషను. దాన్ని దింపి గది వాకిట్లో నిలబెట్టింది. లోపల కప్పు నడిమి ఇటుకకి, పలకల సందులోంచి చెయ్యి పెట్టి, గోరంత మెరిసే బిళ్ల అంటించింది.

"ఇది ఆ బిళ్లనే చూస్తూ ఉంటుందండీ. కప్పు వెంట్రుకంత దిగినా ఇక్కడ అంకె మారుతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల లోపు పర్వాలేదు. ఎనిమిది పడితే ఇక ఆగదని లెక్క."

"ఎప్పుడు దిగుతాదండీ?" అన్నాడు నిచ్చెన దిగి వచ్చిన పోలయ్య.

"బాదులు తీసేటప్పుడు."

"ఆయ్. అప్పుడు పెడితే చాలు కదండీ. ఇయ్యాలెందుకు?"

హేమ అతని వంక చూసింది. "ఇవాళే కదండీ తీసేది. ఆఫీసరుగారు వస్తున్నది అందుకే కదా."

పోలయ్య చేతిలో తాపీ ఆగిపోయింది.

"ఇయ్యాలెక్కడిదండీ? శుక్రవారం సంతకి కదండీ?"

ఆమె కంప్యూటర్ తెరిచి ఒక పట్టీ చూపించింది. వేలితో తెర మీద ఒక గడి తట్టింది. "చివరి ఇటుక పెట్టింది శుక్రవారం. అక్కణ్నుంచి నలభై ఆరు రోజులు. ఇవాళ మంగళవారం. సరిగ్గా మీరు చెప్పినట్టే వేశానండీ. ఆరున్నర వారాలు."

"ఆరున్నర అని నేననలేదండీ."

"అన్నారండీ. నేను రాసుకున్నాను."

"ఆరున్నొక్క వారాలన్నానండీ."

ఆమెకి అర్థం కాలేదు. "అదే కదండీ, ఆరున్నర."

పోలయ్య తల ఎత్తి కప్పు వంక చూశాడు. ఆమెను చెయ్యి పట్టి బయటికి తీసుకెళ్లి చెబుదామా అనుకున్నాడు. అంత ధైర్యం చాలలేదు.

"ఆరండీ. ఆరు మీద ఇంకొకటండీ," అన్నాడు.

గుమ్మం దగ్గర కొండబాబు గొంతు సవరించుకున్నాడు. "ఆరున్నొక్క రాగం అంటారు చూడండీ, పిల్లలేడిస్తే. ఆ ఆరున్నొక్కండీ. ఆ మాట అనకూడదని ఈ మాట అంటాడు మా బాబాయి. రెండూ ఏడుపే."

హేమ మొహంలో రంగు మారింది.

"ఏడా?"

ఆ మాట కమాను కింద ఒకసారి తిరిగి వచ్చింది. పోలయ్య చెయ్యి దానంతటదే వెళ్లి గోడ మీద ఆనింది, నిద్రలో ఉలిక్కిపడ్డ పిల్లను జోకొట్టినట్టు.

"ఆయ్," అన్నాడు మెల్లిగా. "అన్ని వారాలండీ. శుక్రవారానికి సరిపోతాయండి. పైగా మబ్బు. నడిమి సున్నం ఇంకా పచ్చి."

తేడా మూడు రోజులు. ఆరు నెలల్లో ఒక్క మాట. ఆమె తెర మీది గడినే చూస్తూ నిలబడింది. అంతలో ఏటిగట్టు మీద జీపు హారన్ వినిపించింది.

ఆఫీసరు జగ్గారావు చెడ్డవాడు కాదు. రిటైర్మెంటుకి రెండేళ్లున్న ఇంజనీరు. ముప్పై ఏళ్లలో ఎన్నో కప్పులు చూశాడు, కొన్ని పడిపోవడం కూడా చూశాడు. పంటు మీద జీపు ఎక్కించి పాయ దాటడం ఆయన నడుముకి పడదు. కుర్చీ వేస్తే కూర్చోకుండా గది చుట్టూ ఒకసారి తిరిగి, హేమ చెప్పిందంతా విన్నాడు.

"అంటే కంప్యూటర్ తప్పు చెప్పిందా?"

"లేదు సార్. నేను తప్పుగా విన్నాను. తప్పు నాది."

"తప్పు నాదండి బాబుగారూ," అన్నాడు పోలయ్య. "నేను సరిగ్గా పలకలేదండి."

"ఇద్దరూ నాదే అంటే రిపోర్టులో ఎవరి పేరు రాయాలయ్యా?" అని జగ్గారావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా. శుక్రవారం నేను హైదరాబాదులో ఉంటాను. సోమవారం నా రిపోర్టు వెళ్లిపోతుంది. బాదుల మీద నిలబడ్డ కప్పును చూసి, నిలబడింది అని నేను రాయలేను. రాయకపోతే మిగతా పన్నెండూ మామూలుగా స్లాబు కింద పోతాయి. నేను కావాలని చేసేదేం కాదు."

"మూడు రోజులు సార్."

"నీకు మూడు రోజులు. నాకు ఒక నదీ, ఒక నెలాఖరూ."

హేమ పోలయ్య వైపు తిరిగింది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "వద్దండీ పోలయ్యగారూ. మీరు వద్దంటే వద్దు. పోతే పోనివ్వండి."

పోలయ్య జవాబు చెప్పకుండా నిచ్చెన ఎక్కాడు. గోనె తీశాడు. నడిమి వరుసలో ఒక చోట కాదు, నాలుగు చోట్ల సున్నం గీకి నాలుక మీద పెట్టుకున్నాడు. ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మి, మళ్లీ చూశాడు. కిందికి దిగి వచ్చేసరికి నిర్ణయం అయిపోయింది.

"విప్పుతానండి. నేనొక్కణ్నే విప్పుతానండి. లోపలికి ఇంకెవరూ రాకూడదండి."

"ఎందుకూ?" అన్నాడు జగ్గారావు.

"కట్టినోడే కింద ఉండాలండి. మా మావ పద్ధతండి."

"నాలుకతో ఏం చూశారండీ?" అని హేమ గొంతు తగ్గించి అడిగింది. "ఎలా ఉంటే పర్వాలేదన్నట్టు? నాకు ఇది చెప్పలేదు మీరు."

"నోటితో చెప్పడం రాదండి. పచ్చిది కరుస్తాది. పండింది మట్టిలా ఉంటాది. ఇది రెంటికీ మద్దెన ఉంది. ఆ మద్దెలో ఎక్కడుందన్నదేనండి పని." ఆగి అన్నాడు. "శుక్రవారం తమరి నాలుక మీదే పెడతానండి, చూద్దురుగాని."

లోపలికి వెళ్లాడు.

ప్రతి బాదు కిందా ఒక జత ఏటవాలు చెక్క చీలలున్నాయి, ఒకదాని మీదొకటి ఎదురెదురుగా కొట్టినవి. వాటిని వెనక్కి తట్టితే బాదు కిందికి దిగుతుంది. ఒక్కసారి దిగకూడదు. గింజంత, గింజంత దిగాలి. పోలయ్య మొదట నడిమి వరుసలో ఒక్క బాదును పూర్తిగా వదులు చేశాడు. వేలెడు కిందికి దింపి, మళ్లీ చీలలు గట్టిగా బిగించాడు. కప్పు మరీ కుంగితే ఈ ఒక్కటీ అడ్డు పడుతుంది. పడుతుందో లేదో. అదొక్కటే అతను తన కోసం దాచుకున్నది.

తర్వాత రెండు పక్కలా మొదలుపెట్టాడు. చిన్న చెక్క సుత్తి. టక్. అవతలి వైపు వెళ్లి, టక్. మళ్లీ ఇవతల.

బయట హేమ మిషను మీద వంగి ఉంది. జగ్గారావు ఆమె వెనక నిలబడ్డాడు. కొండబాబు గుమ్మం కొయ్యను రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఒకటి," అంది హేమ.

టక్. టక్.

"రెండు."

లోపల పలకలు కిర్రుమన్నాయి. సున్నపు పొడి సన్నటి వానలా రాలడం మొదలైంది. అది పోలయ్య జుట్టు మీదా, కనురెప్పల మీదా, తెరిచిన నోట్లోనూ పడింది. అతను నోరు మూసుకున్నాడు.

"మూడు."

ఇరవై బాదులు వదులయ్యాయి. ఇంకో పదకొండున్నాయి. అంకె మూడు దగ్గర చాలాసేపు నిలబడింది. జగ్గారావు వాచీ చూసుకున్నాడు.

"నాలుగు. ఐదు."

రెండు అంకెలూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. లోపల సుత్తి ఆగిపోయింది.

పోలయ్యకి దగ్గు వస్తోంది. కడుపులోంచి ఎత్తుకుని వస్తోంది. గొంతు దగ్గర సున్నపు పొడి గీరుతోంది. ఈ కప్పు కింద, ఈ నిమిషంలో, గట్టిగా దగ్గకూడదు. అది కప్పు కోసమో, తన చేతిలోని సుత్తి కోసమో అతనికే తెలీదు. తలగుడ్డ లాగి నోట్లో కుక్కుకున్నాడు. మోకాళ్ల మీద కూలబడి, నుదురు ఒక బాదుకి ఆనించి, ఒళ్లంతా కదులుతున్నా చప్పుడు రాకుండా ఆపాడు. ఛాతీలో ఎడమ వైపు ఏదో మెలిపడింది. మెలిపడి, అలాగే ఉండిపోయింది.

"బాబాయ్," అన్నాడు కొండబాబు.

పోలయ్య చెయ్యెత్తి, రావద్దన్నట్టు ఊపాడు. తర్వాత లేచాడు.

టక్.

"ఆరు," అంది హేమ.

చివరి మూడు బాదులు. టక్. టక్. చివరిది చీల బిగుసుకుపోయింది. రెండోసారి కొట్టాడు. మూడోసారి జారింది. పలకలన్నీ కలిసి ఒక్కసారి నిట్టూర్చినట్టు కిందికి దిగి, బాదుల మీద ఆగాయి. కప్పుకీ వాటికీ మధ్య మొదటిసారి వెలుతురు గీత కనిపించింది.

మిషను మీద అంకె కదిలింది. మారింది.

హేమ పెదవులు తెరిచింది. ఆ మాట నోటి దాకా వచ్చింది. గుమ్మంలోంచి, తెల్లటి దుమ్ములో తల ఎత్తి నిలబడ్డ మనిషి కనిపించాడు.

"ఆరున్నొకటండీ," అంది.

లోపల పోలయ్య తల తిప్పి ఆమె వంక చూశాడు.

ఎనిమిది వస్తుందేమోనని అందరూ కాచుకున్నారు. రాలేదు. పావుగంట చూశారు. అరగంట చూశారు. జగ్గారావు తనే వచ్చి మిషను మీద వంగి చూశాడు. అంకె కదల్లేదు.

"సరే," అన్నాడు. "పన్నెండూ ఇలాగే కట్టుకోండి."

కొండబాబు మనుషుల్ని పిలిచాడు. పలకలూ బాదులూ ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. నడిమి బాదు దగ్గరికి వచ్చేసరికి పోలయ్య వద్దన్నాడు. "అది శుక్రవారం. నేను తీస్తాను."

"తగల్లేదు కదా బాబాయ్, ఏం మోస్తోందని?"

"ఉండనీ."

జీపు ఎక్కబోతూ జగ్గారావు అడిగాడు. "ఏం పోలయ్యా, పన్నెండు గదులూ నువ్వొక్కడివే కడతావా?"

"నేర్చుకుంటే ఎవరైనా కడతారండి. అమ్మాయిగారు అంతా ఎక్కించుకున్నారండి."

"అంతానా?"

పోలయ్య నవ్వాడు. హేమ నవ్వలేదు. ఆమె అప్పటికే కంప్యూటర్ తెరిచి నలభై ఆరును కొట్టేసి నలభై తొమ్మిది వేసింది. "ఇంకా ఎన్ని తప్పు విన్నానో, పోలయ్యగారూ. శుక్రవారం కూర్చుందామండీ. మొదట్నుంచీ మళ్లీ చెప్పండి. గుల్ల ఏరడం దగ్గర్నుంచి."

"ఆయ్. కూర్చుందామండి."

మధ్యాహ్నం రెండింటికి అతను ఏటిగట్టు దిగి ఇంటికి వచ్చాడు. దారిలో కాలవ దగ్గర ఒళ్లు కడుక్కున్నాడు. కడుక్కున్నా చెవుల వెనక సున్నం మిగిలింది. సత్యవతి అరుగు మీద కొబ్బరి పీచు తాడు పేనుతోంది. లేచి అన్నం పెట్టింది. నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడిగేసుకున్నాడు.

"నిలబడిందా?"

"నిలబడింది."

"అదేంటి, ఆ సంబరం కాస్త మొహంలో పడితే ఏం పోయింది?"

"అలిసిపోయేను."

అరుగు మీద చాప పరుచుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సత్యవతి మళ్లీ పీచు అందుకుంది. తాడు పేనుతూ మాట్లాడింది. ఇదయ్యాక అన్నావు, అయింది, ఇంక వంకలేం చెప్తావు అంది.

"శనివారం ఎల్దాం," అన్నాడు పోలయ్య.

"పొద్దున్నే మొదటి పంటుకి."

"ఆయ్."

కాసేపు దగ్గాడు. తర్వాత దగ్గు తగ్గింది. ఇన్నాళ్లకి కాస్త నిమ్మళంగా పడుకున్నాడని సత్యవతి గొంతు తగ్గించింది. పక్కింటామె కొండబాబు చెప్పిన కబుర్లన్నీ మోసుకుని వస్తే, నిద్రపోతున్నాడు, తర్వాత రా అని సైగ చేసి పంపేసింది. తాడు చివరిదాకా పేనింది. చుట్ట చుట్టింది. పీచు దుమ్ము దులుపుకుంది. టీ నీళ్లు పెట్టి, గ్లాసు పట్టుకుని వచ్చి, భుజం మీద చెయ్యి వేసింది.

బుధవారం దహనం. లంకలో సగం మంది వచ్చారు. హేమ వాళ్ల నాన్న సాలమోను గారు కూడా వచ్చి, ఏం చెప్పాలో తెలియక సత్యవతి ముందు చేతులు కట్టుకుని నిలబడి వెళ్లిపోయారు.

శుక్రవారం మబ్బు విడిపోయింది. పొద్దున్నే హేమ వచ్చింది. కొండబాబు ముందే వచ్చి కప్పు తడిపి ఉంచాడు. ఆమె నిచ్చెన ఎక్కింది. గోనె పక్కకి తీసి, నడిమి వరుసలో ఇటుకల మధ్య సున్నం గోటితో గీకింది. గోరు విరిగింది. వచ్చిన కాస్త పొడిని నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది.

ఏదో తగిలింది. కరవడమా అది? లేక మట్టా? నీళ్లు పుక్కిలించి మళ్లీ చూసింది. మూడోసారి చూసింది. ప్రతిసారీ ఒకలాగే ఉంది. ఒకలాగే అంటే ఎలాగో చెప్పడానికి ఆమె దగ్గర మాట లేదు. పోల్చుకోవడానికి ఇంకొక నాలుక లేదు.

కింద కంప్యూటర్ తెరిచే ఉంది. గొలుసు వంపూ, పాళ్లూ, రోజులూ అన్నీ వరుసగా ఉన్నాయి. సోమవారం రెండో గది పునాదికి ముగ్గు పోయాలి.

దిగి వచ్చి గదిలో నిలబడింది. కొండబాబు సుత్తి పట్టుకుని వచ్చాడు.

"వారాలు నిండాయి కదండీ. బాదు తీసెయ్యమంటారా?"

ఆమె తల ఎత్తి కప్పు చూసింది. చూసి, చూసి, సుత్తి అతని చేతిలోంచి తీసుకుని గోడవార పెట్టింది.

"ఉండనివ్వండి," అంది.

ఇద్దరూ బయటికి నడిచారు. ఖాళీ గది మధ్యలో ఆ ఒక్క సర్వీ బాదు నిలబడి ఉంది. దాని నెత్తికీ కప్పుకీ మధ్య అరవేలి సందు, అందులోంచి అవతలి కిటికీ వెలుతురు.